మధ్య స్పీకర్లో ఎవరి గొంతు?

కిందటివారం భాగం చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. చదవనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఈ ఇంటి ఆడపిల్లను అందరూ గువ్వ అంటారు. చదువు చివరి ఏడాదిలో ఉంది. ఎవరికీ చెప్పకుండా ఒక డబ్బింగ్ స్టూడియోకి వెళ్లి గొంతు పరీక్ష ఇచ్చింది, నెగ్గింది కూడా. తెర మీద ఎవరో పెదాలు కదుపుతుంటే వాళ్ల మాట మనం చెప్పే ఉద్యోగం. వస్తావో రావో ఆదివారం సాయంత్రంలోగా చెప్పమన్నారు స్టూడియోవాళ్లు. సంగతి ఇంట్లో పొక్కింది. గువ్వ తండ్రికి ఏ చిక్కొచ్చినా తెలిసిన దారి ఒక్కటే, అక్కగారికి ఫోన్ చేయడం. ఆ అక్కగారిని చాటున అందరూ కలెక్టరమ్మ అంటారు. ఆవిడ ఫోన్లో అంతా విని, ఊ అని కూడా అనకుండా పెట్టేసి, పెట్టె సర్దుకుని తనే దిగింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, "మనింటి ఆడపిల్ల గొంతు బజార్న పెట్టడమేవిట్రా?" అంది. ఇంటి కోడలు, అంటే గువ్వ వదిన, అప్పుడు మంచినీళ్ల గ్లాసు పట్టుకుని ఆవిడ ఎదురుగానే నిలబడి ఉంది. అక్కడ ఆగాం.

ఆదివారం రానే వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. కలెక్టరమ్మ చెయ్యి తుడుచుకుంటూ, "కాసేపు నడుం వాలుస్తాను. లేచి టీ తాగాక పిల్ల సంగతి తేలుస్తాను," అని లోపలి గదిలోకి వెళ్లబోయి ఆగింది. "ఏదో సినిమా హాలు పెట్టించాన్రా అన్నావుగా తమ్ముడూ, ఎక్కడది?"

మామగారు హాల్లో మూల వైపు చూశారు. కోడలూ చూసింది. ఆ మూలలో హోమ్ థియేటర్ ఉంది గానీ, ఉన్నట్టు లేదు. పెళ్లివారి విడిదిలో సామాన్లు దిగినట్టుంది.

"నువ్వు లేచేసరికి వేసి చూపిస్తాగా అక్కా!" అన్నారు మామగారు. తలుపు మూసుకున్నాక కోడలి వైపు తిరిగి, గొంతు తగ్గించి, "అమ్మా, పరువు నీ చేతుల్లో ఉంది," అన్నారు.

కోడలు చీర కొంగు బిగించింది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. కోడలి పనే అది. సినిమా హాళ్లలో శబ్దం సరిచేయడం ఆమె ఉద్యోగం. కొత్త హాలు కట్టినా, పాత హాల్లో గోడలు మార్చినా ఆమెను పిలుస్తారు. ఖాళీ కుర్చీల మధ్య ఒక్కతే తిరుగుతూ, ఇక్కడ మోత ఎక్కువైంది, అక్కడ మాట అందడం లేదు అని చెప్పి సరిచేయిస్తుంది. ఊళ్లో హాళ్లన్నిటి చెవులూ శుభ్రం చేసే మనిషి సొంత ఇంటి చెవిని మాత్రం పట్టించుకోలేదు. పని నుంచి ఇంటికొస్తే ఆమెకు కావలసింది నిశ్శబ్దం.

అందుకే ఇంట్లో ఎవరికి తోచింది వాళ్లు కొన్నారు. గోడంత టీవీ ఆమె భర్త తెచ్చాడు. అతనిది కళ్లద్దాల దుకాణం. బొమ్మ బాగుంటే చాలు, చెవులతో పనిలేని మనిషి. స్పీకర్లు మామగారు తెచ్చారు. దుకాణంవాడు ముందు పెట్టుకోవడానికి రెండు, వెనక పెట్టుకోవడానికి రెండు, మధ్యలోకి ఒకటి, మోతకి ఒక పెద్ద డబ్బా అని చెప్పి ఇచ్చాడట. ఇంటికొచ్చేసరికి ఏది ఎక్కడిదో మరిచిపోయారు. నల్ల పెట్టెలాంటి రిసీవరు కోడలి పెళ్లికి ఆమె ఆఫీసువాళ్లు ఇచ్చింది. డిస్క్ ప్లేయరు గువ్వది. వీటన్నిటినీ భర్త ఒక సెలవురోజు కూర్చుని కలిపాడు. టీవీ వెనక్కి వెళ్లిన వైర్లు ఎటు పోయాయో ఆ దేవుడికే తెలియాలి. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఏ సినిమా పెట్టినా తుపాకులు వినిపించేవి, వాన వినిపించేది, మనుషులు మాత్రం మూగవాళ్లలా పెదాలు కదిపేవాళ్లు.

"ముందు అన్నీ పీకేద్దాం," అంది కోడలు.

భర్త గుండెలు బాదుకున్నంత పనిచేశాడు. "అన్నీనా? నాకు ఒక పూట పట్టింది అవన్నీ పెట్టడానికి!"

"చిక్కుపడ్డ జడని పైనుంచి దువ్వితే వెంట్రుకలే ఊడతాయండీ. విప్పేసి మొదట్నుంచీ రావాలి."

ఆమె నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వైర్లన్నీ తీసి, చుట్టలు చుట్టి, ఒక వరసలో పెట్టింది. రిసీవరును టీవీ కింద బల్ల మీద నడుమ పెట్టి దాని వెనకభాగం తన వైపు తిప్పుకుంది.

"ఇది చూడండి మామయ్యా. బొమ్మయినా, మాటయినా, పాటయినా ముందు దీని దగ్గరకే రావాలి. ప్లేయరు నుంచి వైరు దీనికి. దీన్నుంచి ఇంకో వైరు టీవీకి. బొమ్మని ఇదే టీవీకి పంపుతుంది, శబ్దాన్ని ఇదే స్పీకర్లకి పంచుతుంది. మీ అబ్బాయి ఏం చేశారంటే, ప్లేయరుని నేరుగా టీవీకి కలిపేశారు. ఇదేమో పాపం టీవీ విదిల్చిన అరకొర శబ్దంతో ఓ మూల కూర్చుంది."

"అంటే ఇంట్లో ఎవరూ ఎవరితోనూ నేరుగా మాట్లాడకూడదు, అంతా దీని ద్వారానే," అన్నారు మామగారు. లోపలి గది తలుపు వైపు ఓ చూపు చూసి, "మా అక్కలాగన్నమాట," అన్నారు.

భర్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. కోడలు నవ్వు ఆపుకుని తీగ చివర తొడుగు ఒలిచింది. ఎర్ర గీత ఉన్న తీగ రిసీవరు వెనక ఎర్ర మరకి, గీత లేనిది నల్ల మరకి. రెండు స్పీకర్లలో ఒకదానికి తిరగేసి కలిపితే ఒకటి ముందుకు తోస్తుంటే ఇంకొకటి వెనక్కి లాగుతుంది, ఉన్న శబ్దం కూడా పోతుంది. భర్త సరిగ్గా అదే చేశాడని అప్పుడే తీసిన వైర్లు చూస్తే తెలిసింది. ఆమె ఆ మాట అనలేదు. మొగుడి తప్పులు ఒక పూటలో అన్నీ చెప్పేస్తే రేపటికి ఏం మిగులుతుంది?

"ఇక్కడ అయిదో స్పీకరేది?" అంది చుట్టూ చూసి.

వెతికితే అది సోఫా పక్కన దొరికింది. పొడుగ్గా, పీటలా ఉందని మామగారు దాని మీద కాళ్లు పెట్టుకుని పేపరు చదువుకుంటున్నారట ఇన్నాళ్లూ.

"అయ్యో మామయ్యా! సినిమాలో మనుషులు మాట్లాడేదంతా దీన్లోంచే రావాలి."

"అటొకటి ఇటొకటి ఉన్నాయిగా, ఇదెందుకులే అనుకున్నానమ్మా."

దాన్ని తుడిచి టీవీ కింద, రిసీవరు ముందు పెట్టింది. పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలని గువ్వను పిలిచింది. నిజానికి మనిషి అవసరం లేదు. పొద్దుట్నుంచీ ఆ పిల్ల భోజనానికి తప్ప గదిలోంచి రాలేదు, అక్కడా తల ఎత్తలేదు.

గువ్వ వచ్చి పక్కన కూర్చుని టార్చి పట్టుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"స్టూడియోకి ఏం చెబుదామనుకుంటున్నావు?" అంది కోడలు, తల తిప్పకుండానే.

"వస్తాననే. నేను బాగా చెప్పాను వదినా. నాకు తెలుసు. చెప్పడం అయ్యాక గాజు గోడ అవతల కూర్చున్నవాళ్లు కాసేపు ఏమీ మాట్లాడలేదు. బాగుంటేనే అలా ఊరుకుంటారట." ఆ నాలుగు మాటలకే పిల్ల మొహం వెలిగింది, మళ్లీ ఆరిపోయింది. "అత్త వద్దంటుంది, నాన్న తలూపుతారు. అది ముందే తెలుసు. అమ్మ మాటే తెలీడం లేదు. అవుననదు, కాదనదు. అమ్మ వద్దంటే మానేస్తాను. వెళ్లమంటే ఎవరొద్దన్నా వెళ్తాను. ఏదో ఒకటి అనాలి కదా!"

కోడలు వంటింటి వైపు చూసింది. అత్తగారు గిన్నెలు తుడిచి బోర్లిస్తోంది. గిన్నె మీద గిన్నె పెట్టినా చప్పుడు రాదు ఆవిడ చేతిలో. కాపరానికొచ్చిన కొత్తలో కోడలికి అది వింతగా ఉండేది. ఆవిడ పనిలో చప్పుడుండదు, నడకలో చప్పుడుండదు, మాటలోనూ ఉండదు. ఏం చెప్పినా గుసగుసకి ఒక మెట్టు పైన. ఇరుగుపొరుగు ఆవిణ్ని నోట్లో నాలుక లేని మనిషి అంటారు. శబ్దం పనిలో ఉన్న కోడలికి మాత్రం ఎప్పుడూ ఒక అనుమానం. గొంతు లేనివాళ్లు మాట్లాడే తీరు వేరు, ఉన్న గొంతుని మూత పెట్టి మాట్లాడే తీరు వేరు.

"చూద్దాం. ముందు దీన్ని మాట్లాడిద్దాం," అంది కోడలు.

ఒక్కో స్పీకరునే కలిపి, ఒక్కోదాన్నే వినడం ఆమె పద్ధతి. అన్నీ ఒక్కసారి మోగిస్తే ఏది మొరాయిస్తోందో తెలియదు. మధ్య స్పీకరు తీగలు మాత్రం బిగించి, మిగతావి అలాగే వదిలేసి, తన సంచిలోంచి ఒక డిస్కు తీసింది. ఎప్పుడో పాతకాలం సినిమా. ఎవరో పుణ్యాత్ములు దాన్ని శుభ్రం చేసి, మాటలు ఒకవైపు, సంగీతం ఒకవైపు విడదీసి కొత్తగా వేశారు. ఏ హాలుకు వెళ్లినా కోడలు మొదట పెట్టేది ఇదే. అందులో ఒకే ఒక్క సీను. నాయిక గుమ్మంలో నిలబడి తన అన్నని నిలదీస్తుంది. ఆ మాటల మధ్యలో ఒకచోట చిన్న ఊపిరి ఉంది. తెర మీద మనిషి పీల్చింది కాదు, మాట చెప్పిన మనిషి పీల్చింది. ఆ ఊపిరి చివరి వరస కుర్చీకి వినిపిస్తే హాలు బాగున్నట్టు. వినిపించకపోతే ఇంకా పని మిగిలున్నట్టు. ఆ సీను తప్ప మిగతా సినిమా ఆమె ఎప్పుడూ చూడలేదు.

డిస్కు తిరిగింది. టీవీలో నాయిక గుమ్మంలోకి వచ్చింది. పాట లేదు, మోత లేదు. పీటలాంటి ఆ పెట్టెలోంచి ఒక్క గొంతు, ఎదుట నిలబడి మాట్లాడినట్టు వచ్చింది.

"నన్నడక్కుండా నా తరఫున ఒప్పుకోవడానికి నువ్వెవరన్నయ్యా?"

గువ్వ స్పీకరు వైపు వంగింది. "అబ్బ!" అంది.

"వినిపించిందా ఊపిరి?" అంటూ కోడలు రిమోటు నొక్కబోయింది.

"'నా తరఫున' దగ్గర."

ఆ మాటన్నది గువ్వ కాదు. కోడలు తల తిప్పింది. అత్తగారు వంటింటి గుమ్మంలో ఉంది. చేతిలో తడిగుడ్డ ఉంది. చూపు టీవీ మీద కాదు, స్పీకరు మీద ఉంది.

"అక్కడ ఊపిరి దొరికిపోయింది," అంది అత్తగారు. "ఇంకోసారి చెబుతానన్నాను. బాగానే ఉందిలేమ్మా, తర్వాతి ముక్కకి పద అన్నారు. అప్పుడే చెప్పాను, ఎప్పటికైనా ఎవరో ఒకరు పట్టుకుంటారని."

హాల్లో నలుగురూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ మామూలుగా మాట్లాడింది. గుసగుస కాదు. ఆ గొంతు నిండుగా, గది చివరి దాకా వచ్చింది.

కోడలు సీను వెనక్కి జరిపి మళ్లీ పెట్టింది. నన్నడక్కుండా, నా తరఫున. సన్నగా, తొందరగా పీల్చిన ఊపిరి. ఎన్ని ఖాళీ హాళ్లలో, ఎన్ని చివరి వరసల్లో ఆ ఊపిరి కోసం చెవి రిక్కించిందో! పొద్దున్నే తనకి టిఫిన్ డబ్బా సర్ది ఇచ్చే మనిషి ఊపిరిని పట్టుకుని తను ఊళ్లో హాళ్లన్నీ సరిచేసింది. కోడలికి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. రెండింటిలో ఏదీ ఆపుకోలేదు.

"అత్తయ్యా, ఇది మీరా?"

"నేనే."

మామగారు కుర్చీలోంచి లేచారు. మళ్లీ కూర్చున్నారు. "నువ్వు... పెళ్లికి ముందు ఏదో ఆఫీసులో చేశావని కదా అక్క చెప్పింది?"

"స్టూడియో కూడా ఆఫీసే కదండీ," అంది అత్తగారు. "పొద్దున వెళ్లేదాన్ని, సాయంత్రం వచ్చేదాన్ని."

"ఇన్నేళ్లలో ఒక్కసారైనా నాకు చెప్పలేదేం?"

అత్తగారు తడిగుడ్డ మడత పెట్టి భుజం మీద వేసుకుంది. "పెళ్లయిన కొత్తలో మీరొకసారి అన్నారు, నీ గొంతు బావుంటుందోయ్ అని. మీ అక్కగారు పక్కనే ఉన్నారు. ఆడదాని గొంతు గడప దాటకూడదు అన్నారావిడ. మీరేమైనా అంటారేమోనని చూశాను. మళ్లీ ఎప్పుడూ ఆ మాటెత్తలేదు మీరు. నేనూ ఎత్తలేదు."

మామగారికి ఆ రోజు గుర్తొచ్చిందో లేదో గానీ, మొహం మాత్రం గుర్తొచ్చినట్టే అయింది.

"ఏవిటే ఆ గోల? నిద్రపట్టనివ్వరా?"

లోపలి గది తలుపు తెరుచుకుంది. కలెక్టరమ్మ జుట్టు ముడి వేసుకుంటూ వచ్చింది. అందరి మొహాలూ చూసింది. టీవీలో ఆగి ఉన్న నాయిక బొమ్మ చూసింది. అంతే, ముడి వేస్తున్న చేతులు అక్కడే నిలిచిపోయాయి.

"ఈ సినిమా ఎవరు పెట్టారు?"

"నేనేనండీ పెద్దమ్మగారూ," అంది కోడలు.

"తీసెయ్. వేరేది లేదా ఇంట్లో?"

"అక్కా, ఇందులో మాట చెప్పింది నీ మరదలట," అన్నారు మామగారు. "నీకు తెలుసా?"

కలెక్టరమ్మ నేరుగా అత్తగారి వైపు తిరిగింది. "నువ్వు నాకు మాటిచ్చావు."

"ఇచ్చాను."

"పెళ్లి కుదిరిననాడు, మీ అమ్మ ముందు. మళ్లీ ఆ మైకు ముందుకి వెళ్లనని. ఆ సంగతే ఎత్తనని."

"వెళ్లలేదుగా వదినా. ఇవాళ కూడా నేనెత్తలేదు. అదే వచ్చింది." అత్తగారు స్పీకరు వైపు గడ్డం ఎత్తి చూపింది. "నేనిచ్చిన మాట నా గొంతు గురించి. నా కూతురి గొంతు గురించి కాదు."

ఉరుము ఉరిమితే ఇలాగే ఉంటుందేమో అనుకుంది కోడలు, అంత చిన్న మాటకి. కలెక్టరమ్మ ఎదుట ఆ ఇంట్లో అలా ఎదురు నిలిచిన వాళ్లు లేరు.

"ఏం తెలుసే నీకు?" కలెక్టరమ్మ గొంతు పెరిగింది. "ఆ చీకటి గదుల్లో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నిలబెడతారు. గొంతు బొంగురుపోతే నీళ్లిచ్చే దిక్కుండదు. అంతా అయ్యాక తెర మీద నీ పేరు కూడా వెయ్యరు. నీ మాటకి ఎవత్తికో చప్పట్లు కొడతారు. అది తట్టుకోగలదా ఈ పిల్ల?"

"నీకెలా తెలుసత్తా ఇవన్నీ?" అంది గువ్వ.

కలెక్టరమ్మ ఒక్క క్షణం తడబడింది. "లోకం తెలిస్తే అన్నీ తెలుస్తాయి," అని కొట్టిపారేసింది.

"అవన్నీ నిజమే," అంది అత్తగారు, తాపీగా. "నీళ్లు మనమే పట్టుకెళ్లాలి. పేరు వెయ్యరు, అదీ నిజం. ఈ రోజుల్లో వేస్తున్నారట, గువ్వ చెప్పింది. కానీ వదినా, చెప్పాల్సిన మాట సరిగ్గా పెదవి మీద పడ్డప్పుడు ఉంటుందే, దానికి ఎవరి చప్పట్లూ అక్కర్లేదు. అది నాకు తెలుసు. ఇన్నేళ్లయినా మర్చిపోలేదు." ఆవిడ కూతురి దగ్గరకి వచ్చింది. "ఏదో ఒకటి అనమన్నావుగా. వంటింట్లోకి వినపడింది. అంటున్నాను. వెళ్లు. ఊపిరి మాత్రం మాట మొదలెట్టకముందే తీసుకో, మధ్యలో తీసుకోకు."

గువ్వ తల్లిని కావలించుకుంది. ఏడుస్తూ నవ్వుతూ ఫోన్ చేతిలోకి తీసుకుంది. నంబరు నొక్కేముందు ఒక్కసారి తండ్రి వైపు చూసింది.

మామగారు అక్కగారి వైపు చూడలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆయన అక్క వైపు చూడకుండా ఒక నిర్ణయం చెప్పడం అదే మొదలు. "చెప్పమ్మా, వస్తానని చెప్పు," అన్నారు.

గువ్వ ఫోన్లో మాట్లాడింది రెండే మాటలు. ఆ రెండూ గణగణ మోగాయి. భర్త మిఠాయి తెస్తానని చెప్పులేసుకోబోతే కోడలు ఆపింది. "తర్వాత తెద్దురుగానీ, ముందు ఆ వెనక స్పీకరు అందుకోండి."

"ఇంకా ఎందుకూ ఇదంతా?" అంది కలెక్టరమ్మ. "పంతం నెగ్గిందిగా. కట్టెయ్యండి."

"కట్టెయ్యొద్దమ్మా," అన్నారు మామగారు. "మా ఆవిడ మాట చెప్పిన సినిమా నేను చూడాలి. మొదట్నుంచీ."

కోడలి చేతులకి ఎక్కడలేని హుషారు వచ్చింది. ముందు రెండు స్పీకర్లూ టీవీకి అటూ ఇటూ, కూర్చున్నవాళ్ల చెవి ఎత్తులో. వెనక రెండూ సోఫా వెనక, కాస్త పైన. మోత డబ్బాని మూలకి నెట్టకుండా గోడకి కొంచెం ఎడంగా. తీగలు గోడ అంచున పోనిచ్చి, ఎవరి కాళ్లకీ అడ్డు రాకుండా తివాచీ కిందకి తోసింది. రిసీవరులో ఒక్కో స్పీకరు ఎంత దూరంలో ఉందో నమోదు చేసి, మధ్య స్పీకరును మిగతావాటి కంటే ఒక పిసరు పెంచింది. మామూలుగా అయితే అంత పెంచదు. ఇవాళ పెంచాలనిపించింది.

సినిమా మొదలైంది. మామగారు ముందుకి వంగి కూర్చున్నారు. తెర మీద నాయిక నోరు విప్పినప్పుడల్లా తెర వదిలేసి పక్కన కూర్చున్న భార్య మొహంలోకి చూస్తున్నారు. ఆవిడ "అటు చూడండి" అంటోంది. ఆయన అటు చూసి, మళ్లీ ఇటే చూస్తున్నారు. నాయిక అల్లరి చేస్తే నవ్వారు, తిడితే తననే అన్నట్టు సర్దుకుని కూర్చున్నారు. గుమ్మం సీను వచ్చినప్పుడు ఆ చిన్న ఊపిరికి హాల్లో అందరూ ఒక్కసారి "అదిగో!" అన్నారు. అత్తగారు సిగ్గుపడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

కలెక్టరమ్మ మాత్రం తలుపు పక్కన కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. లేచి గదిలోకి పోవచ్చు. పోలేదు.

ఇంటర్వెల్ బొమ్మ పడింది, వెళ్లింది. నాయిక మళ్లీ తెర మీదకి వచ్చి తల్లితో ఏదో అంది.

కోడలి వెన్ను నిటారయింది. రిమోటు అందుకుని ఆపి, వెనక్కి జరిపి మళ్లీ విన్నది. పలుకు అదే, పొందిక అదే. చెవి తెలియనివాళ్లు పట్టుకోలేరు. కానీ ఇది అత్తగారి గొంతు కాదు. దీనికి అడుగున కొంచెం గరుకుంది. మాట చివర అక్షరాన్ని వదలకుండా నొక్కిపట్టే అలవాటుంది.

"అత్తయ్యా, ఇది మీరు కాదు కదా?"

"కాదు," అంది అత్తగారు. "నేను సగం దాకానే. ఈలోగా పెళ్లి కుదిరింది, మాటిచ్చాను, మానేశాను. మిగతా సగం ఎవరితోనో చెప్పించారట. సినిమా వచ్చాక నేను చూడలేదు. చూడబుద్ధి కాలేదు." చెవి ఒగ్గి కాసేపు విని, తల ఊపింది. "బాగా చెప్పింది, ఎవరో గానీ. నా గొంతుకి అతుకు తెలీకుండా పట్టుకుంది. నన్ను ముందు కూర్చుని విన్న మనిషే అయ్యుండాలి."

"ఎవరై ఉంటారమ్మా?" అన్నాడు కోడలి భర్త.

"ఏమో నాన్నా. స్టూడియోకి నాతో పాటు ఎవరూ వచ్చేవాళ్లు కాదు. చివరి వారం మాత్రం..." అత్తగారు ఆగింది. ఏదో లెక్క కుదరనట్టు నుదురు ముడివేసింది. "పెళ్లి మాటలు నడుస్తున్న ఆ చివరి వారం రోజూ ఒకరు వచ్చి గాజు అవతల కూర్చునేవారు. నన్ను మానిపించడానికి."

ఎవరని అడిగే వ్యవధి లేకపోయింది. తెర మీద పెళ్లిపందిట్లో నాయిక వెనక్కి తిరిగింది, ఆమె పెదాలు విచ్చుకున్నాయి. అదే క్షణంలో తలుపు పక్కన కుర్చీ వెనక్కి పడింది. కలెక్టరమ్మ లేచి నిలబడింది.

"ఆపండి!"

మాట రెండు చోట్ల నుంచి వచ్చింది. ఒకటి మధ్య స్పీకర్లోంచి, ఒకటి తలుపు దగ్గర్నుంచి. ఒకదానికి పాతికేళ్ల వయసు, ఒకదానికి పైబడ్డ వయసు. గరుకు అదే. చివరి అక్షరాన్ని నొక్కిపట్టిన తీరూ అదే.

అత్తగారు నెమ్మదిగా తల తిప్పింది.

"వదినా... మీరా?"